ఐదో కొంగ

ప్రియమైన వదినకి,

నువ్వన్నట్టే ఫోన్ చెయ్యడం మానేశాను. ఫోన్‌లో నేను అరుస్తానట, ఉత్తరంలో అరిస్తే మడిచి పక్కన పెట్టుకోవచ్చట. సరే, మడుచుకో.

పందెం మళ్లీ ఒకసారి రాస్తున్నాను, తర్వాత అలా అనుకోలేదంటే ఊరుకోను. ఐదు రకాల పిట్టలు, రకానికి ఐదు ముక్కలు. పేక నీ దగ్గరే ఉంటుంది. బల్ల మీద నాలుగు ముక్కలు తెరిచిపెట్టి అవేంటో నాకు రాస్తావు. ఉత్తరానికి చెరో రెండు తీసుకోవాలి. కొంగలు ఐదూ నాకు చేరితే నువ్వు ఇంటికి తిరిగొస్తావు. పేక అయిపోయేలోపు చేరకపోతే నేను ఆ మాట మళ్లీ ఎత్తను, నువ్వు అక్కడే ఉండిపోవచ్చు. మధ్యలో కొంగని నువ్వు లాగేసుకున్నా తప్పు కాదు. ఆట అంటేనే అది.

"ఆయన లేని ఇంట్లో నాకేం పని" అని నువ్వడిగావు. అమ్మకి, నాకు ఏం పని ఉందో మాకూ తెలీదు. ఉంటున్నాం.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన నాలుగింట్లో కొంగ ఒకటి, పిచ్చుక ఒకటి తీసుకున్నాను.

నీ మరిది

*

మొండోడికి,

వదిన అంటే ముద్దపప్పు అనుకోకు. నేను రెండు బాతులు తీసుకున్నాను. ఇప్పుడు బల్ల మీద కొంగ, లకుముకిపిట్ట, గుడ్లగూబ, బాతు.

ఇక్కడ పని బాగానే ఉంది. కళ్లద్దాల వర్క్‌షాపు. రోజంతా చక్రం దగ్గర కూర్చుని అద్దాల అంచులు అరగదియ్యాలి. పైనుంచి నీళ్లు పడుతూ ఉంటాయి. ఆ చప్పుడులో ఎవరూ మాట్లాడరు. పక్క సీటావిడ మొదటి రోజు "ఏమ్మా, మీ ఆయనేం చేస్తాడు?" అంది. "లేడు" అన్నాను. "ఊరెళ్లాడా?" అంది. "ఆఁ" అన్నాను. ఇక్కడ నా గురించి అంతకంటే ఎవరికీ తెలీదు.

అత్తయ్యని మోకాలికి నూనె రాసుకోమను.

వదిన

*

ప్రియమైన వదినకి,

ఊరెళ్లాడని చెప్పావా? చదివి ఒళ్లు మండింది. కాసేపటికి అదీ పోయింది. ఈమధ్య నాకు కోపం కూడా నిలవట్లేదు, అదే భయంగా ఉంది.

నీకెప్పుడూ చెప్పలేదు. అన్నని లారీ గుద్దిన రోజు సూపర్‌వైజర్ నాకు సగం పూట సెలవిచ్చాడు. ఆస్పత్రికెళ్లి, చూసి, మిగతా సగం పూటకి ఫ్యాక్టరీకి తిరిగొచ్చి పేక డబ్బాలు తూచాను. ఎందుకొచ్చానో తెలీదు. తూకం దగ్గర పచ్చలైటు వెలిగితే బెల్టు మీదకి, ఎర్రలైటు వెలిగితే పక్కకి. ఆ పూట నా చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. సూపర్‌వైజర్ "గట్టివాడివిరా" అన్నాడు. వాడి పళ్లు రాలగొట్టాల్సింది. "థాంక్స్ సార్" అన్నాను.

అమ్మ నీ గది తలుపు తియ్యదు. అన్నం తినేటప్పుడు మూడో కంచం పెట్టి, మళ్లీ తీసేస్తుంది.

కొంగ, లకుముకిపిట్ట తీసుకుంటున్నాను.

నీ మరిది

*

మొండోడికి,

రెండు ఉత్తరాలకి ఒకేసారి జవాబు రాస్తున్నాను, పని ఎక్కువగా ఉంది. రెండోదాంట్లో కొంగొస్తే నీకే తీసిపెట్టమన్నావుగా, తీశాను. నీకు మూడు కొంగలయ్యాయి. నాకు బాతులు ఐదూ నిండాయి. బల్ల మీద కొంగ, పిచ్చుక, గుడ్లగూబ, గుడ్లగూబ.

ఆ సగం పూట సంగతి చదివాను. నేనూ అంతే. చావు రోజున వచ్చినవాళ్లకి కాఫీలు సరిపోయాయా లేదా అని చూసుకున్నాను. ఒకావిడ "దీని గుండె రాయి" అంది. అప్పుడు కాదు, వారం తర్వాత ఆ మాట గుర్తొచ్చి, నిజమేనేమో అనుకున్నాను.

వదిన

*

ప్రియమైన వదినకి,

నాలుగో కొంగ తీసుకున్నాను, గుడ్లగూబతో పాటు.

నేను పెద్దగా చదువుకోలేదు గానీ ఆటల సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీలో అచ్చయ్యే ప్రతి ఆట రూల్సూ కూడబలుక్కుని చదివి నేర్చుకున్నాను. ఎదుటివాడికి కావాల్సిన ముక్క మనకి అక్కర్లేకపోయినా లాగేసుకోవాలి, ఆడటం వచ్చినవాళ్లు అలాగే చేస్తారు. నీకు ఆడటం బాగా వచ్చు. అన్నని ఏడిపించేదానివి. అలాంటిది ఇన్ని ఉత్తరాల్లో ఒక్క కొంగని కూడా నువ్వు ముట్టుకోలేదు.

అంటే నీకూ రావాలనే ఉంది. నోటితో చెప్పలేక ఆటతో చెప్తున్నావు. అమ్మకి చెప్పేశాను, వదిన వస్తోందని. అమ్మ నమ్మలేదు గానీ బియ్యం డబ్బా తీసి చూసుకుంది.

నీ మరిది

*

మరిదికి,

అత్తయ్యకి అప్పుడే ఎందుకు చెప్పావు?

బల్ల మీద బాతు, లకుముకిపిట్ట, పిచ్చుక, గుడ్లగూబ. పేకలో ఇంక ఐదే మిగిలాయి.

వదిన

*

వదినకి,

ఈ ఉత్తరంలో నేను ముక్కలు తీసుకోవట్లేదు. ముందు ఇది చదువు.

నిన్న ఫ్యాక్టరీకి ఒక లారీడు డబ్బాలు వెనక్కొచ్చాయి. కొన్నవాళ్లు గోల పెట్టారట. ఒక రకం పిట్ట ఎక్కువ, ఇంకో రకం తక్కువ. సూపర్‌వైజర్ నా మీదకొచ్చాడు. "తూకం సరిపోయింది కదరా, లోపల తేడా ఎలా వచ్చింది?"

"తూకానికి బొమ్మలు కనపడవు సార్" అన్నాను.

అంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగా నీ ఉత్తరం గుర్తొచ్చింది. నీకు బాతులు ఐదూ నిండాయన్నావు. మరి బల్ల మీద ఇంకో బాతు ఎక్కడిది?

మొత్తం పాతికే కదా, ఆరు బాతులుంటే కొంగలు నాలుగే అయ్యుండాలి. నీ దగ్గరున్న పేక డబ్బా నేను తూకం దగ్గర నిలబడ్డ మొదటి రోజున తూచినది. పచ్చలైటు వెలిగిందని గర్వంగా కొనుక్కొచ్చి మీ పెళ్లికిచ్చాను. మీరిద్దరూ అన్నేళ్లు ఆడారు. నీకు తెలీదా? తెలిసే ఆడావా? అందుకేనా కొంగల్ని ముట్టుకోలేదు?

అవునో కాదో రాయి చాలు. కథలొద్దు.

మరిది

*

ప్రియమైన మరిదికి,

అవును.

కథలొద్దన్నావు గానీ ఇంకొకటుంది. అది నీకు తెలియాలి. పెళ్లయిన కొత్తలోనే చూశాం, కొంగ ఒకటి తక్కువని. మీ అన్న "వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు" అన్నాడు. ఆరో బాతు తీసి, దానికి పెన్సిల్‌తో పొడుగు కాళ్లు గీశాడు. "ఇదిగో కొంగ" అన్నాడు. అప్పట్నుంచి మా ఆటలో అదే ఐదో కొంగ.

పందెం కాసినప్పుడే నీకు చెప్పాల్సింది. పేకలో అది ఎక్కడుందో నాకూ తెలీదు, వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. వచ్చింది. బల్ల మీద పెట్టాను. కాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. నీకు మాత్రం బాతు అని రాశాను.

మీ అన్న లెక్కన నువ్వు గెలిచావు. ముక్క ఇందులో పెట్టాను. రమ్మంటే వస్తాను, మాట తప్పను. కానీ నాకు రావాలని లేదు. అక్కడ నేను గదిలోకొస్తే మీరిద్దరూ మాటలాపేసేవారు. అత్తయ్య నన్ను చూసినప్పుడల్లా ఆయన్ని వెతుక్కునేది. ఇక్కడ నన్ను చూసి ఎవరూ ఎవర్నీ వెతుక్కోరు. అద్దం అంచు తిన్నగా వచ్చిందా లేదా, అంతే. సంతోషంగా ఉన్నానని కాదు. నిద్ర పడుతోంది.

ఏం చెయ్యమంటావో చెప్పు.

మీ వదిన

*

ప్రియమైన వదినకి,

ముక్క అందింది. అన్న గీతే. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. పనిలో తీసి చూశాను, ఏడుపొస్తుందేమోనని. రాలేదు. భోజనాల బెల్లు కొట్టారు, వెళ్లి తిన్నాను.

మూడు రోజులు నిన్ను తిట్టుకున్నాను, పైకే. అమ్మ విని "ఎవర్నిరా?" అంది. "సూపర్‌వైజర్‌ని" అన్నాను. మొత్తం చెప్పేశాను తర్వాత. అబద్ధం రాసింది నువ్వు. నిన్ను చూడగానే మాటలాపేసింది మేము. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నీ మీద అరవడానికి నాకేమీ మిగల్లేదు.

రమ్మని ఒక్క మాట రాస్తే వస్తావు. నాకు తెలుసు. రాశాను కూడా, ఒకసారి. చించేశాను. పందెంలో ఓడి వచ్చిన మనిషి మా ఇంట్లో అన్నం తింటుంటే నేను ఎదురుగా కూర్చోలేను.

కంపెనీ అచ్చేసింది బాతుని. కాళ్లు గీసినా బాతే. నాకు కొంగలు నాలుగే. నేను ఓడిపోయాను. ఆ మాట ఇంక ఎత్తను.

ముక్క వెనక్కి పంపుతున్నాను, అది నీది.

అమ్మకి చెప్పాను, వదిన రాదని. "సరేలే" అంది. గిన్నెలు కడిగింది. తర్వాత నీ గది తలుపు తీసి, కిటికీ తెరిచి, "ఒరేయ్, ఒక చెయ్యెయ్యి" అని పిలిచింది. ఇద్దరం అమ్మ కుట్టుమిషన్ మోసుకెళ్లి కిటికీ పక్కన పెట్టాం. అక్కడ వెలుతురు బాగుందట. ఇప్పుడు ఎవరిదో జాకెట్టు కుడుతోంది, చప్పుడు వినిపిస్తోంది.

నీ మరిది