అక్క తప్పిన ఒట్టు

నల్లమల అడవి,
మాఘమాసం, 1949

అమ్మకు, నీ పర్వతాలు దండాలు పెట్టి రాస్తున్నది. అక్కా, అమ్మ పక్కన కూచొని ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు.

అమ్మా, నీ రొమ్ములో గడ్డ లేచి ఏడాదైందట. గొర్రెకు పొదుగు వాస్తే కాల్చినట్టు, బాలయ్య పెదనాయన చేత దాని మీద వాత పెట్టించుకున్నావట. నువ్వు గొర్రెవా అమ్మా? అక్క రాసిన ఆ మాట చదివి ముందు నవ్వాను. తర్వాత వాగు గట్టున కూచొని ఎక్కి ఎక్కి ఏడ్చాను. మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడి, పుండు రైకకు అంటుకునేదాకా దాచావు. ఇప్పుడు నల్గొండ దవాఖానలో అది రాచపుండు అన్నారు. హైదరాబాదు తీసుకుపోయి రొమ్ము కోయించాలన్నారు. నువ్వేమో కొడుకు రాకుండా కదలనని మొండికేశావు.

దళంతో దొర గడీ మీదికి పోయిననాడు నేను భయపడలేదు. రజాకార్లు తరిమినప్పుడూ, ఇప్పుడు యూనియన్ మిలిటరీ అడవిని జల్లెడ పడుతున్నప్పుడూ వెనక్కి తగ్గలేదు. నీ పుండు సంగతి విన్నప్పటి నుంచి మాత్రం అడవిలో నిలవలేకపోతున్నాను. అందుకే నిర్ణయించుకున్నాను. ఉగాది దాటగానే దేవరకొండ క్యాంపుకు పోయి, తుపాకీ అప్పజెప్పి లొంగిపోతాను. లొంగినవాళ్లను ఇళ్లకు పంపుతున్నారట. నిన్ను నేనే ఎత్తుకొని మోటారు ఎక్కిస్తాను. దళంలో వాళ్లు ద్రోహి అంటారు. అననీ. నాకు అమ్మ కావాలి.

నీ కొడుకు,
పర్వతాలు

---

కొడుకా పర్వతాలూ,

నేను చెప్తాన్న, అక్క రాస్తాంది. నువ్వు రావద్దు బిడ్డా. లొంగినోళ్లను ఇండ్లకు పంపుతాన్రని నీకు ఎవరు చెప్పిన్రు? ముఖానికి గుడ్డ కట్టి ఊరూరు తిప్పుతాన్రు. అన్నం పెట్టిన ఇండ్లు చూపియ్యమని కొడుతాన్రు. మొన్న మన ఊళ్లెకు గట్లనే ఒక పిలగాన్ని తెచ్చిన్రు. నువ్వు గట్టోనివే, నాకు ఎరుకే. దెబ్బలు నీకంటె గట్టియి. ఇన్ని రోజుల సంది నీకు జొన్నరొట్టెలు మోసింది మన పక్కింటి నర్సింగమ్మ. నా పుండు కడుగుతాంది గూడ ఆమెనే. ఆమె ఇల్లు కూలగొట్టిచ్చి నన్ను బతికిస్తవా?

నా ఫికర్ జెయ్యకు. రేపే హైదరాబాదు పోతాన్న, రొమ్ము కోయిచ్చుకుంట. సిగ్గు ఇడిసిపెట్టిన. నువ్వు పాలు మానినంక దానితోని నాకేం పని?

మీ అమ్మ గుర్వమ్మ, వేలిముద్ర

---

తమ్ముడూ,

పైదంతా అమ్మ చెప్పినట్టే రాశాను. ఇది మాత్రం నా మాట. అమ్మకు చదువు రాదు కనుక ఆమెకు తెలియదు.

నీ ఉత్తరం అందకముందే, నొప్పికి తాళలేక అమ్మ ఒప్పుకుంటే హైదరాబాదు పోయి వచ్చాం. పుండు చంకలోకి, లోపలికి పాకిందని, ఇక కోసి లాభం లేదని డాక్టరు చెప్పాడు. తిరిగి వస్తూ దారంతా అమ్మ ఏడవలేదు. నీకు చెప్పొద్దని మాత్రం తన నెత్తిన నా చెయ్యి పెట్టించుకొని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే అడవిలో నిలవలేవని ఆమె భయం. ఆ ఒట్టు తప్పుతున్నాను. పాపం నాకే తగలనీ.

క్యాంపుకు పోకు. ఆ ఒక్క విషయంలో ఆమె మాట విను. బాలయ్య పెదనాయన గొర్రెల మంద డిండి వాగు అవతల దిగింది. గొంగడి కప్పుకొని కట్టె పట్టుకొని వస్తే నిన్ను ఎవరూ పట్టించుకోరు. వచ్చే ఆదివారం పొద్దున అమ్మను బండిలో అక్కడికి తీసుకొస్తాను. నువ్వు వస్తున్నావని చెప్పను. చూడగానే ఎందుకొచ్చావని తిడుతుంది. ఆ తిట్లు పడు. ఆమెకు తిట్టే ఓపిక ఉన్నప్పుడే రా.

నీ అక్క,
యాదలక్ష్మి