మెడ నరమూ మేక బోటీ

ఖాలిద్ అబ్బా,

ఇయ్యాల ఆపరేషన్‌కు నేను రాను. దమ్మపేట అక్కింటికి పోతున్న. పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకో.

"మా ఆమె మెడ నరం సన్నబడ్డది, బోటి కడిగినట్టు లోపలి కొవ్వు గీకుతరు" అని నీ కొట్టుల మటన్ కొనేటోళ్లందరికీ చెప్పుకుంటున్నవంట. ఇంట్ల బోటి కడిగేది నేను. ఎంత పైలంగ కడిగినా ఒక్కోటి చినుగుతది. నాకిప్పుడు ఏ తిప్పలా లేదు. ఈ ముసలి మెడ కోస్తే అప్పుడే పక్షవాతం రావచ్చని, గోలీలతో కూడ చూడొచ్చని డాక్టరే చెప్పిండు. నీకు సగమే వినపడ్డది. అంత ముచ్చటుంటే నీ మెడ కోయించుకో. గోలీలు సంచిల పెట్టుకున్న.

ఇంకోటి మర్చిపోయిన. నేను వచ్చినంక ఎన్నడన్న నిన్ను తిట్టకుండ ఊకున్ననంటే సంబరపడకు. పక్షవాతమొచ్చి మాట పడిపోయిందనుకొని జల్దీ దవఖానకు ఆటో పిలువు.