మీ అక్క చేతులు

సలోమీ,

ఇక్కడ అందరం క్షేమమే. జ్వరాలూ దగ్గులూ లేవన్నంతవరకే ఆ మాట నిజం. హాస్టల్ పిల్లల పరీక్షలయ్యేదాకా తాడేపల్లి నుంచి కదలలేనన్నావు, సరే. బీపీ మాత్రలు మానకు.

కొత్త ‘నల్లబిలం’ సినిమా ఎలా ఉందని అడిగావు. పాతది మన పెళ్ళయిన ఏడాది పర్చూరులో రెండుసార్లు చూశాం కదా. నిధి కోసం గుహలో దిగినవాళ్ళకి దయ్యాలు అడ్డుపడతాయి. ఆ గుహ తవ్వి అందులోనే పూడిపోయిన కూలీలే ఆ దయ్యాలు. చివరికి నిధి వదిలేసి, వాళ్ళకి దణ్ణం పెట్టి బయటపడతారు. భయపెడుతూనే న్యాయం చెప్పిన సినిమా. ఇప్పుడేం చేశారో తెలుసా? హీరో రాజవంశీకుడట, నిధి వాళ్ళ తాతదట, కూలీలు దొంగలట! రెండున్నర గంటలు వాళ్ళని నరుకుతుంటే హాలంతా ఈలలు. కథ లేని చోటల్లా గ్రాఫిక్స్ పోశారు.

మీ అక్క మరియమ్మ మిరప కోతల ముఠా ఎందుకు వదిలేసిందని కూడా అడిగావు. అదీ ఈ సినిమా వల్లే.

నిరుడు మన ఊరి పక్క మూతబడ్డ కోల్డ్ స్టోరేజీలో గుహ సెట్టు వేశారు. ముఠాలో ఒకరు రానంటే ఎవరూ రారు కాబట్టి, కూలీల దయ్యాల వేషాలకి అందరినీ ఒప్పించమని సినిమావాళ్ళు నా దగ్గరికొచ్చారు. ఇది మన కథేనని ఆడవాళ్ళకి నేనే చెప్పాను. నా మాట మీద పన్నెండుమంది కోత మానుకుని వెళ్ళారు. మేకప్ అతను వాళ్ళ చేతులు చూసి రంగు అక్కర్లేదన్నాడట. కాయలు కోసి కోసి మండి, తోలు ఊడిన చేతులు.

మొన్న ఆదివారం అందరం ట్రాక్టరెక్కి మ్యాట్నీకి వెళ్ళాం. తెరనిండా ఆ చేతులే, గోళ్ళు తగిలించి. ముందు వరసలో ఓ పిల్ల కెవ్వుమంది. మీ అక్క తన చేతులు కొంగులో దాచుకుంది.

తిరిగొస్తుంటే ముఠా పెద్ద షమా నన్ను నిలదీసింది. “జక్రయ్యన్నా, ఇది నీకు ముందే తెలుసా?”

తెలియదన్నాను. షమా నమ్మలేదు. మీ అక్క నమ్మింది. “మా మరిది అబద్ధమాడే మనిషి కాదు. ఆయన్ని అనుమానించిన మీతో నాకు పొత్తు లేదు” అని దారిలోనే దిగిపోయింది. ఆ రోజు నుంచి పని లేదు. విడిమనిషిని ఏ రైతు పిలుస్తాడు?

సలోమీ, నాకు తెలుసు. షూటింగుకి వారం ముందే స్క్రిప్టు నా చేతికిచ్చారు. మాటల రచయితల్లో నా పేరు వేస్తామన్నారు. ముప్పయ్యేళ్ళు కూలీల తరఫున కరపత్రాలు రాసినవాణ్ణి, తెరమీద పేరనగానే నోరు మూసుకున్నాను. ఆ పేరూ వెయ్యలేదు. వేసుంటే నీకు ఈ మాట రాసేవాణ్ణో లేదో కూడా తెలియదు.

ఫోనులో చెప్పలేకపోయాను. మీ అక్కకి ఎదురుపడి చెప్పాలని రెండుసార్లు గడపదాకా వెళ్ళి వచ్చేశాను.

సినిమాని చీల్చి చెండాడుతూ నేను రాసిన వ్యాసం నిన్న పత్రికలో వచ్చింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, నా సంగతి తప్ప అన్నీ ఉన్నాయి. చదువురాని మీ అక్క ఆ కాగితం పట్టుకుని పొద్దుటి నుంచి ముఠావాళ్ళ ఇల్లిల్లూ తిరుగుతోంది, నేను తప్పు చెయ్యలేదని చూపించడానికి.

ఇట్లు,
మీ ఇంటి అల్లుడు
జక్రయ్య