చెరో గట్టు, ఒకే పడవ

చిట్టి విప్కేకి తాత డౌవ దీవించి రాయునది.

ఇక్కడ మన పడవ తప్ప అందరం క్షేమం. పడవ మాత్రం మన పొలానికీ పక్క రైతు హెస్సెల్ పొలానికీ మధ్య కాలవ బురదలో దిగబడింది. వచ్చే నెల నీటి సంఘం వాళ్ళు తనిఖీకి వస్తారు, అప్పటికి కాలవలో ఏ అడ్డూ ఉండకూడదు. కాలవ బాగుచేసే పద్ధతి నీకు తెలిసిందే, ఏ గట్టువాడు ఆ గట్టు నుంచి నడిమధ్య దాకా. పడవ కూడా సగం వాడిదే గనక, వాడు వాడి గట్టు మీంచి లాగుతున్నాడు, నేను మన గట్టు మీంచి. అంగుళం కదల్లేదు. ఫిజిక్సు చదువుతున్నావు గదా, కారణమేమిటో రాయి.

ఇట్లు, తాత.

తా.క. పడవకి ఏ రంగు వెయ్యాలన్న గొడవతో హెస్సెల్‌కీ నాకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు గదా. ఇప్పుడు "లాగరా!" అని మాత్రం అరుస్తున్నాడు.

ప్రియమైన తాతయ్యకి,

ఎదురెదురుగా నిలబడి లాగితే ఒకరి బలాన్ని ఒకరు కొట్టేస్తారు. చివరికి మిగిలేదాన్ని ఫలిత బలం అంటాం. మీది సున్నా! ఇద్దరూ పడవ కంటే కాస్త ముందుకెళ్ళి, ఎవరి గట్టు మీంచి వాళ్ళు ఏటవాలుగా లాగండి. పక్కలకి లాగే బలం చెల్లిపోయి, ముందుకి లాగే బలం కలుస్తుంది.

ముద్దులతో, విప్కే.

తా.క. ఇద్దరూ సమానంగా లాగాలి. మర్చిపోకు.

చిట్టి విప్కేకి,

సమానంగా అన్నావు. హెస్సెల్ నాకంటే లావు గనక ఒంటిచేత్తో లాగమన్నాను. "ఒంటిచేత్తోనే పడవనీ నిన్నూ కలిపి లాగుతాను చూడరా!" అన్నాడు. పడవ రాలేదు, నేను కాలవలో పడ్డాను. నన్ను బయటికి లాగడానికి మాత్రం రెండు చేతులూ వాడాడు. వాళ్ళావిడ చక్కెర రొట్టె పెట్టింది. మర్నాటి నుంచి సమానంగానే లాగుతున్నాం. అయినా కదల్లేదు. నీ లెక్క తప్పు.

ఇట్లు, ఇంకా తడారని తాత.

తా.క. లాగడం అయ్యాక కాఫీ ఓ రోజు వాళ్ళింట్లో, ఓ రోజు మనింట్లో. అదీ సమానమే.

తాతయ్యా,

నా లెక్క తప్పు కాదు, నువ్వు చెప్పని బలం ఏదో ఉంది. పడవ మీద పనిచేసే బలాలన్నీ కలిపితేనే ఫలిత బలం. వెనకవైపు నీళ్ళలో చెయ్యి పెట్టి వెతుకు.

కోపంగా, విప్కే.

తా.క. మా మాస్టారికి చెబితే మిమ్మల్ని చూడ్డానికి వస్తానంటున్నారు. పడవని కాదు, మీ ఇద్దరినీ.

నా బంగారు విప్కేకి,

దొరికింది. వెనకాల నీళ్ళ అడుగున ఓ గుంజ, దానికి పడవని కట్టేసిన తాడు. ఎడమచేతివాటం ముడి. ఈ చుట్టుపక్కల ఎడమచేత్తో ముడివేసేది హెస్సెల్ ఒక్కడే.

గట్టు మీద కూలబడి కడుపుబ్బా నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. నా మీద బెంగగా ఉందని నోటితో చెప్పొచ్చు గదా, వెధవ! నేను మాత్రం చెప్పానా? వాడు లేక నాకెంత తోచలేదో నాకే తెలుసు.

తనిఖీ ముందురోజు విప్పేస్తాను. అందాకా లాగుతూనే ఉంటాం. వాడితో అనకు.

ఇట్లు, తాత.

తా.క. ముడి కాస్త వదులైంది. బిగించి వచ్చాను.