గొలుసు వేయించింది ఎవరు

మంగళవారం, పడుకునే ముందు

ఈరోజు అమ్మీని చూస్తే చాలా గర్వంగా అనిపించింది.

పొద్దున మా పిల్లి చాందినీ పక్కింటి భద్రు కుక్క గిన్నెలో మూతి పెట్టింది. కుక్క మొరగగానే దాని కంటి పక్కన రక్కింది. పాపం, గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క వెనక్కి తప్పుకోలేకపోయింది. పోయిన నెల మా పిల్లిని తరిమిందని గొడవపడి దాన్ని కట్టేయించింది మేమే.

గోడ మీంచి చూసింది అమ్మీ, నేనూ మాత్రమే. "ఏ పిల్లో ఏమో" అంటే సరిపోయేది. ఎలుకను పడితే మా చాందినీ, ఎవరింట్లోనో పాలు తాగితే ఎవరి పిల్లో. ఇన్నాళ్లూ మేం అలాగే తప్పించుకున్నాం.

కుక్కలంటే వణికే అమ్మీ, కొంగు సర్దుకుని భద్రు వాకిట్లోకి వెళ్లింది.

"తమ్మీ, మా చాందినీనే బరికింది. నీ కుక్కను కట్టెయ్యమని లొల్లి పెట్టింది గూడ నేనే. ఆటో తియ్యి, దవాఖానకు పోదాం."

పశువుల డాక్టర్ మందు వేసినంతసేపూ కుక్క తల అమ్మీయే పట్టుకుంది. కంటికేం కాలేదట.

తిరిగొచ్చాక అమ్మీ, "ఇగ గొలుసు తియ్యి. మాదాన్ని ఇంట్లనే ఉంచుకుంట" అంది.

భద్రు నవ్వాడు. "పిల్లిని ఎట్ల ఆపుతవక్కా?"

"గది నా పరేషాన్."

ఎలా ఆపుతుందో నాకూ తెలియదు. చాందినీ ఇప్పటికే తలుపు గీకుతోంది.

కానీ పోయిన నెల లొల్లి పెట్టింది అమ్మీ కాదు, నేను. తను నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఈరోజు భద్రు ముందు నా పేరే ఎత్తలేదు.

భద్రు కూడా ఎత్తలేదు.