చంటి తల మీద ప్రమాణం

మాచర్ల,
ఆగస్టు 19.

అమ్మకు,

నీ పెద్దకూతురు సుస్మిత వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమందరం బాగున్నాం. ఇన్నేళ్ళూ ప్రతి ఉత్తరంలో ఈ వాక్యాన్ని చెయ్యి అలవాటుకొద్దీ రాసేసేది. ఈసారి కాసేపు ఆలోచించి రాశాను. బాగున్నాం. సికింద్రాబాదులో వానలు దంచుతున్నాయని వార్తల్లో చూశాం. హాస్టల్ వంటింట్లో నీళ్ళు నిలుస్తాయి, కాలు జారకుండా చూసుకో.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. చంటి జబ్బు మాట ఎత్తితే చాలు, "పిల్లలు అన్నానికొచ్చారు, మళ్ళీ చేస్తాలే" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. సగంలో మడిచి ఎక్కడ దాచినా మళ్ళీ తీసి చదువుతావు, నాకు తెలుసు.

చంటి మోకాలి వాపు పూర్తిగా దిగింది. నువ్వు పంపిన ప్రార్థన నూనెని అత్తమ్మ రెండు పూటలా రాస్తోంది. రాయడం వరకే, మర్దనా మాత్రం వద్దన్నాను. గట్టిగా నలిపితే లోపల మళ్ళీ రక్తం కారుతుందట. కాలవకి నీళ్ళు వదిలారు, మావయ్య మిరప నారు పోయించారు. బడిలో మాత్రం చెప్పొద్దని రాశావు చూడు, అది నావల్ల కాలేదమ్మా. ఈ పిల్లాడికి హీమోఫీలియా ఉంది, దెబ్బ తగిలితే ఐసు పెట్టి వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని కార్డు రాసి వాడి మెడలో వేశాను. వాడు దాన్ని చొక్కా పైకి తీసి అందరికీ చూపిస్తున్నాడట. సిగ్గుపడాలని వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు. నేర్పనివ్వను కూడా.

జూన్‌లో వాడు బడి మెట్ల మీద జారాడని చెప్పాను. ఆ తర్వాత జరిగిందాంట్లో సగమే నీకు చెప్పాను. మా వీధి ఆర్.ఎం.పి. డాక్టరు నొప్పి తగ్గడానికని తొడకి సూది వేశాడు. తెల్లారేసరికి తొడ సొరకాయలా ఉబ్బి నల్లబడింది. వాడు ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నాడు. నేనూ అత్తమ్మా కారు మాట్లాడుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం తీసి పరీక్ష చేసి, ఏదో మందు నరానికి ఎక్కించారు. అప్పుడు రబియా అనే డాక్టరమ్మ నన్ను పిలిచి అడిగింది.

"మీ పుట్టింటి వైపు మగపిల్లలెవరికైనా రక్తం ఆగకపోవడం ఉందా? అన్నదమ్ములకి గానీ, మేనమామలకి గానీ?"

అత్తమ్మ నా పక్కనే ఉంది. నా పెళ్ళికి ముందు నువ్వు నా చేత ఒట్టు వేయించుకున్న మాట గుర్తొచ్చింది. 'నీకో అన్న ఉండేవాడని ఆ ఇంట్లో ఎన్నటికీ అనకు' అన్నావు. "నాకు అన్నదమ్ములే లేరండీ" అన్నాను. అన్నాక చంటి మొహం వైపు చూడలేకపోయాను. పక్కన బిడ్డ ఆ స్థితిలో ఉంటే డాక్టరుకి అబద్ధం చెప్పానమ్మా.

వారం తర్వాత మిగతా రిపోర్టులు తెచ్చుకోవడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ ముందు కూర్చుని అన్న జోయెల్ సంగతంతా చెప్పాను. డాక్టరుతో చెప్పడం మాట తప్పడం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. పాత చీటీ తిరగేసి బొమ్మ గీసి చూపించింది.

"ఆడవాళ్ళకి ఎక్స్ అనే క్రోమోజోములు రెండుంటాయి తల్లీ. మగవాళ్ళకి ఒకటే. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం తయారు చేయించే జన్యువు ఆ ఎక్స్ మీదే ఉంటుంది. నీకు ఒకదాంట్లో లోపం ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. అందుకే నీకు జబ్బు బయటపడలేదు. నీ కొడుక్కి నువ్విచ్చింది ఒక్క ఎక్స్. వాళ్ళ నాన్న ఇచ్చింది వై. లోపమున్నదే వాడికి వచ్చింది, ఆదుకోవడానికి వాడి దగ్గర రెండోది లేదు."

"అంటే నావల్లేనా మేడమ్?" అన్నాను.

"నీ దగ్గర్నుంచి వచ్చింది. నీవల్ల అని ఎందుకంటావ్? రెండిట్లో ఏది బిడ్డకి వెళ్ళాలో నువ్వు ఎంచావా? ఎంచే వీలు ఏ తల్లికన్నా ఉందా? ప్రతి కాన్పుకీ సగానికి సగం అవకాశం. కొడుకైతే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. కూతురైతే నీలాగే మోయవచ్చు, మోయకపోవచ్చు. మీ అమ్మకి అలాంటి కొడుకూ, అలాంటి మనవడూ ఉన్నారంటే ఆవిడ దగ్గరా ఇదే ఉంది. ఆవిడకి కాన్పుల తర్వాత రక్తం ఎక్కువ పోయేదా?"

చెల్లి సుకన్య పుట్టాక నువ్వు రెండు నెలలు మంచం దిగలేదు కదమ్మా. తెల్లగా పాలిపోయి పడుకుని ఉంటే నాయనమ్మ ఊరంతా తిరిగి నిన్ను సోమరిపోతని చెప్పింది. ఇలా మోసే ఆడవాళ్ళలో కొందరికి ఆ పదార్థం తక్కువగా ఉండి రక్తం ఎక్కువ పోతుందట. అది సోమరితనం కాదు. ఈ మాట చెప్పాల్సిన నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉండి ఉంటే బస్సెక్కి వెళ్ళి చెప్పి వచ్చేదాన్ని.

ఇంకో సంగతి కూడా అడిగాను. నువ్వు నాకు ఒక్కసారే చెప్పావు, నా పెళ్ళికి ముందు, ఉల్లిపాయలు తరుగుతూ. పాలగిన్నె ఒలకబోశాడని ఆ రోజు జోయెల్‌ని చెంప మీద కొట్టావు. కదులుతున్న పన్ను ఊడింది. రెండు రోజులు రక్తం ఆగలేదు. మూడో రోజు పోయాడు. 'నేనే చంపుకున్నానే' అన్నావు. వాడు పోయేనాటికి నాకు ఆరేళ్ళు. రక్తం ఆపడానికి పసుపు అద్దిన గుడ్డలు బావి దగ్గర కుప్పగా ఉండటం ఒక్కటే గుర్తు. ఆ నెల తిరక్కుండానే నాయనమ్మ 'కొడుకుని మింగింది' అంటూ నిన్ను గడప దాటించింది. నాన్న అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నువ్వు మా ఇద్దరినీ తీసుకుని బయల్దేరావు.

డాక్టరమ్మ అంతా విని ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "తొమ్మిదేళ్ళ పిల్లాడికి కదులుతున్న పన్ను ఆ వారంలో ఎలాగూ ఊడేదే. పన్ను ఊడిన పిల్లలందరికీ కాసేపటికి రక్తం ఆగుతుంది. వాడికి ఆగలేదు. కారణం వాడి రక్తంలో ఉంది, మీ అమ్మ చేతిలో లేదు."

కొట్టావు, అది నిజం. దానికి నువ్వు పడాల్సిన బాధ ఎంతో నేను తేల్చలేను. కానీ చంపలేదు. ఇరవై ఆరేళ్ళుగా చెయ్యని హత్యకి శిక్ష అనుభవిస్తున్నావు. ఇంక చాలు.

ఇక ఇంతసేపూ దాచిన మాట రాస్తాను. నీకు ఇచ్చిన మాట తప్పాను. చాటుగా డాక్టరు దగ్గర కాదు, నలుగురిలో తప్పాను.

జూలై రెండో ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్య నన్ను ముందు గదిలోకి పిలిచారు. అత్తమ్మ, మా ఆయన, సుకన్యకి పవన్ సంబంధం తెచ్చిన జకరయ్య బాబాయి అక్కడే ఉన్నారు. చంటి మంచం మీద దిండు మీద కాలు ఎత్తి పెట్టుకుని ఉన్నాడు. ఈ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుందని మావయ్యకి ఎవరో చెప్పారట.

"ఇదిగో అమ్మాయ్, మా ఇంట్లో యాడా ఈ జబ్బు లేదు. మీ వైపు ఉందా, లేదా? బిడ్డ తల మీద చెయ్యిబెట్టి చెప్పు. లేదన్నావా, దేవుడి చిత్తమనుకోని ఊరుకుంటాం. ఉందనుకో, మీ అమ్మ మమ్మల్ని మోసం జేసినట్టే. ఏం జెయ్యాలో పెద్దమనుషుల్లో తేల్చుకుంటాం" అన్నారు.

"లేదని చెప్పవే, అయిపోద్ది" అంది అత్తమ్మ. పాపం, నన్ను కాపాడదామనే అంది.

చంటి తల మీద చెయ్యి పెట్టాను. వాడు ప్రార్థన అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసిన కళ్ళు చూశాక నా నోట్లోకి అబద్ధం రాలేదమ్మా.

"నాకో అన్న ఉండేవాడు మావయ్యా. పేరు జోయెల్. తొమ్మిదేళ్ళప్పుడు పన్ను ఊడి, రక్తం ఆగక చచ్చిపోయాడు. చంటిది అదే జబ్బు. వీడికి నా దగ్గర్నుంచి వచ్చింది. నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది."

ముందు మావయ్యే అన్నారు. "మరైతే మోసమేగా?"

"దాచాం మావయ్యా. దాచడం తప్పే. దాచినందుకు ఎంత తిడతారో తిట్టండి, పడతా. జబ్బు ఇచ్చానని తిడితే మాత్రం పడను. మా అమ్మని అంటే అసలే పడను. ఆమె ఒక బిడ్డని పోగొట్టుకోని, ఇంకో ఇద్దర్ని ఎంగిలి గిన్నెలు తోమి పెంచింది."

"ఇది శాపం గాకపోతే ఏందమ్మా?" అన్నాడు జకరయ్య బాబాయి.

"శాపమైతే సూదిమందుకి దిగుద్దా బాబాయ్? గుంటూరులో మందెక్కించినాక వాపు దిగింది, మీరూ చూశారుగా."

మావయ్య మా ఆయన వైపు తిరిగారు. "ఏందిరా ఏసుబాబూ, ఉలకవు పలకవు? రేపు ఇంకో మగబిడ్డ పుట్టినా ఇదే భయమంట. ఇంకో సంబంధం చూసుకునే వయసే నీది."

"నాకు పెళ్ళయింది నాన్నా" అన్నాడు మా ఆయన. అంతే అని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అక్కడితో అంతా మంచిదైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు దాచేపల్లిలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "తొమ్మిదేళ్ళు నా పక్కన బతికి ఒక్కసారన్నా చెప్పబుద్ధి కాలేదా నీకు?" అన్నాడు. తల వంచుకుని ఆ ఒక్క మాట పడ్డాను, ఎందుకంటే అది నా తప్పే. ఆ తర్వాత సెలవు పెట్టి నాతో గుంటూరు వచ్చి, మందు నరానికి ఎలా ఎక్కించాలో నాకంటే ముందు ఆయనే నేర్చుకున్నాడు. మావయ్య ఇంకా ముభావంగానే ఉన్నారు. పెద్దమనుషుల మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. అత్తమ్మ మొన్న ఆర్.ఎం.పి.ని గుమ్మంలోనే ఆపేసింది. "ఒరేయ్, సూది లోపల పెట్టు. మా వాడికి తొడకెయ్యకూడదు" అంది. పక్కింటావిడకి జన్యువుల సంగతి కూడా చెబుతోంది. "ఆడోళ్ళకి రెండుంటయ్యంట, మగోళ్ళకి ఒకటేనంట. అందుకే మగోళ్ళు అట్టా ఏడుస్తారు" అంటోంది. నేను సరిదిద్దలేదు.

ఇక సుకన్య. పెళ్ళి అయ్యేదాకా నోరు విప్పొద్దని రాశావు. నీ ఉత్తరం వచ్చేటప్పటికే జకరయ్య బాబాయి పవన్ వాళ్ళకి చెప్పేశాడు. అది తెలిసిన పూటే నేను నరసరావుపేట వెళ్ళి, సుకన్య పని చేసే బడి దగ్గర నిలబడి అన్నీ చెప్పాను. నీ పెళ్ళి చెడగొట్టానే అని ఏడ్చాను. అది ఏడవలేదు. దానిక్కూడా సగానికి సగమే అన్నాను. పిల్లలకి లెక్కలు చెప్పేదానికి నేను చెప్పాలా!

పవన్ వాళ్ళు కబురు పంపారు. పిల్లకి పరీక్ష చేయించి, ఏమీ లేదని కాగితం తెస్తే ముహూర్తం పెట్టుకుందామన్నారు. సుకన్యే పవన్ వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది, నేను పక్కనే ఉన్నాను. "పరీక్ష చేయించుకుంటానండీ. నా పిల్లల కోసం నేను తెలుసుకోవాల. కానీ ఆ కాగితం పట్టుకోని మీ గుమ్మంలో నిలబడను. వేరే సంబంధం చూసుకోండి" అని పెట్టేసింది. తర్వాత టీ తాగుదాం పద అంది. చక్కెర తక్కువైందని కొట్టువాడితో పోట్లాడింది.

రిజల్టు వచ్చింది. అది నేను రాయను. అది సుకన్య సంగతి, ఎవరికి ఎప్పుడు చెప్పాలో తనే చెబుతుంది. ముందు నీకే చెబుతానంది. అప్పుడు మాత్రం పిల్లలు అన్నానికొచ్చారని ఫోన్ పెట్టేయకు.

పోయిన శనివారం చంటితో కలిసి మేం ముగ్గురం గురజాల అవతల మన ఊరు వెళ్ళాం. సమాధుల తోటలో కంప పెరిగిపోయింది. జోయెల్‌ని పెట్టిన చోటు పెద్దనాన్న చూపించాడు. మా ఆయన కంపంతా కొట్టి శుభ్రం చేశాడు. అక్కడ ఒక నాపరాయి పలక పెట్టించాం. పేరు చెక్కడానికి వచ్చిన సాదిక్ ఉలి పట్టుకుని, "తండ్రి పేరేందమ్మా? కింద అదే గదా వేసేది" అని అడిగాడు.

"తల్లి పేరు వెయ్యి" అన్నాను.

జోయెల్, పిచ్చమ్మ కుమారుడు అని వేశాడు. అక్షరాలు లోతుగా పడ్డాయి, దారిలో పోయేవాళ్ళకి కూడా కనిపిస్తాయి. దసరాకి హాస్టల్ మూస్తారు కదా, రా అమ్మా. తల వంచుకోకుండా మన ఊళ్ళో బస్సు దిగుదాం.

ఇట్లు,
నీ పెద్దకూతురు, జోయెల్ చెల్లెలు,
సుస్మిత