వేలాడే తీగ

చిరంజీవి రలిత్సాకు నీ మేనమామ దీవించి రాస్తున్నది.

ముందుగా నా రాతను మన్నించు. వేళ్ళు సరిగా వంగడం లేదు, అక్షరాలు ఒక పక్కకు వాలుతున్నాయి. మన ఊరి బడిలో నాకు అబ్బిన చదువు ఎంతో నీకు తెలుసు. తప్పులుంటే దిద్దుకుని చదువు. ఫోన్‌లో నాకు మాట రాదు, పైగా మీ అమ్మ గోడకవతలే ఉంటుంది. ఇక్కడ ఇద్దరం కులాసా. ఈ మాట ఈ వారమే నిజమైంది, కిందటి ఉత్తరంలో ఊరికే రాశాను. సోఫియా పట్నంలో చలి ముదిరి ఉంటుంది, నీ ఒళ్ళు జాగ్రత్త.

నువ్వడిగిన వాటికి జవాబు చెబుతాను. మన చర్చి గంటగోపురంలో నువ్వు బిగించిన బోర్డు మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. గడియారం గంటలు తప్పకుండా కొడుతోంది. నా భుజం పోయాక తాడు లాగే పని తప్పించావు, అందుకు ఊరంతా నిన్ను మెచ్చుకుంది. చావుగంటకు రెండు బొత్తాలు పెట్టావు. ఆడమనిషి పోతే రెండేసి దెబ్బలు, మగమనిషి పోతే మూడేసి. అదీ బాగానే నడిచింది, మొన్నటి మంచు దాకా.

అసలు జరిగింది కిందటిసారి సగమే రాశాను. ఆ పొద్దున పెరట్లో మిరపకాయలు కాలుస్తున్నాం. మంచు దట్టంగా ఉంది, కంచె కూడా కనిపించలేదు. గంట మోగింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ రెండు. గోపురం తాళంచెవి నా జేబులో ఉంది. మీ అమ్మ తిప్పుతున్న కాయ అలాగే మాడిపోయింది.

సాయంత్రానికి ఊళ్ళో ఎవరూ పోలేదు. అదే అందరినీ భయపెట్టింది. పెంచో కొట్టు దగ్గర ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ రొట్టెలు కొన్నారు. "ఏమమ్మా, ఎవరో ఒకరు తేలండి, కొవ్వొత్తులు తెప్పించి పెట్టాను" అని పెంచో వేళాకోళమాడాడు. ఎవరూ నవ్వలేదు. ముసలి కూనా మాత్రం, "పిలవడం అయిపోయింది. పలకాల్సినవాళ్ళే పలకడం లేదు" అంది.

రెండోసారి మోగినప్పుడు మీ అమ్మ చర్చిలో, సరిగ్గా గోపురం కింద, నేల మీది కొవ్వొత్తుల మైనం గీకుతోంది. ఇంటికొచ్చి పెట్టె తెరిచింది. తను పోయాక తొడగమని దాచుకున్న చావుబట్టలు నీకు తెలుసుగా, నల్లగౌను, తెల్ల తలగుడ్డ, తొడగని మేజోళ్ళు. అన్నీ తొడుక్కుని మంచం మీద కూర్చుంది. అసలే గుండె బలహీనం, పాదాలు వాచి ఉన్నాయి.

"అక్కా, ఏమిటీ పని?" అన్నాను.

"పిలిచారుగా తమ్ముడూ. చిక్కుడు పులుసు పొయ్యి మీద ఉంది, నువ్వు తిను. నాకు వద్దు."

"అది చిప్పు అక్కా. మన రలిత్సా పెట్టిన చిప్పు."

"నా కూతురు పెట్టింది కాబట్టే నన్ను పిలిచింది" అంది. అంతే. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ సంగతి నీకు రాయొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే కిందటిసారి గంట చెడిందని మాత్రమే రాశాను.

నువ్వు చెప్పినట్టే వరసగా చేశాను. పెంచో కంప్యూటరు పట్టుకుని పైకి వచ్చాడు. బోర్డును అది గుర్తుపట్టలేదు. తీగ మార్చమన్నావు కదా, మార్చాం. పెంచో తెచ్చింది ఫోను చార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగట, మాట మోసేది కాదట. మరో తీగతో కలిసింది. నీ ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాం. పెంచో లేచి బోర్డు పక్కగా మెట్ల వైపు వెళ్ళాడో లేదో, బొత్తాం ఎవరూ ముట్టకుండానే సుత్తి మోటారును నడిపే రిలే టక్కుమంది. నెత్తి మీద గంట రెండు దెబ్బలు కొట్టింది.

"మగాణ్ణని చెప్పరా దానికి, లెక్క తప్పింది" అంటూ పెంచో దిగిపోయాడు. కంప్యూటరు నా దగ్గరే వదిలేశాడు. మళ్ళీ పైకి రానన్నాడు.

అప్పుడే నీ రెండో ఉత్తరం వచ్చింది. ఏ తీగైనా దేనికీ తగలకుండా వేలాడుతోందేమో చూడమన్నావు. చూస్తే వేలాడుతోంది. అది నేను చేసిన పనే. తాడు ఉన్న రోజుల్లో పాతిపెట్టి రాగానే చావుగంట తాడును కొక్కెం నుంచి తప్పించేవాళ్ళం, బతికున్నవాళ్ళ మీద అది సిద్ధంగా ఉండకూడదని. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. నువ్వు బొత్తాలు పెట్టాక కూడా ప్రతి చావు తర్వాత తీగలను బొత్తాల దగ్గర ఊడదీస్తూనే ఉన్నాను. తీగను నేలకు కట్టి ఉంచే రెసిస్టరు బొత్తాం వైపే ఉందట, అది నాకేం తెలుసు. మగవాళ్ళ తీగ కొస ఇనుప చట్రానికి తగిలి ఊరుకుంది. ఆడవాళ్ళ తీగ గాలిలో ఉంది. "ఏమీ తగలని తీగ ఖాళీగా ఉండదు మామయ్యా, చుట్టూ ఏది ఉంటే అది వింటుంది" అని రాశావు.

మీ అమ్మకు చూపిస్తే నమ్ముతుందనుకున్నాను. సుత్తి మోటారు తీగ పీకేసి, ఆమెను మెట్టుమెట్టుకూ ఆపుతూ పైకి తీసుకెళ్ళాను, ఆ నల్లగౌనుతోనే. తీగ దగ్గర చెయ్యి పెట్టమన్నాను. ముట్టక ముందే రిలే టకటకమంది.

"చూశావా, ఎవరి చెయ్యి పెట్టినా అంతే" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "దగ్గరికి చెయ్యి వస్తే మోగుతుందన్నమాట."

"అవును."

"ఆ పొద్దున తలుపుకు తాళం ఉంది. చెవి నీ జేబులో ఉంది. మరి ఆ చెయ్యి ఎవరిది తమ్ముడూ?"

"మంచు అక్కా. పక్కనే కరెంటు తీగ కూడా పోతోంది."

"మంచుకు చేతులుండవు" అంది.

నువ్వు కవర్లో పంపిన చారల రెసిస్టర్లు తీసి, రెండు తీగలకూ బోర్డు దగ్గరే చెరొకటి అతికించాను. ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. తర్వాత మళ్ళీ చెయ్యి పెట్టమన్నాను. బోర్డు పలకలేదు. చెయ్యి చాలాసేపు అలాగే ఉంచింది. "ఇప్పుడు నన్నెరగదు" అంది మెల్లగా. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంది, పులుసులో రొట్టె అద్దుకుని తింది, ఉప్పు చాలలేదని నన్ను తిట్టింది. ఆ తిట్టు వినడానికి ఎంత బాగుందో రాయలేను. ఇప్పుడు పాదాల వాపు కూడా తగ్గింది.

ఇక్కడితో ఆపితే నీకు మంచి కబురే. కానీ ఒక మాట దాచాను రలిత్సా.

అతుకు పెడుతున్నప్పుడు మీ అమ్మకు వినపడకుండా ఆ తీగతో మాట్లాడాను. ఎవరో ఒకరు కావాలంటే ఆమెను వదిలెయ్యి, ఇన్నాళ్ళూ గంట కొట్టినవాణ్ణి నేనున్నాను అన్నాను. మాట ఎందుకు వచ్చిందో తెలియదు. నేను మనుషులతోనే అంతగా మాట్లాడను.

మర్నాడు బోర్డు పెట్టె మూత బిగిద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. నా చెయ్యి మగవాళ్ళ తీగ దగ్గరికి పోగానే రిలే కొట్టుకుంది. మూడు, కాస్త ఆగి మూడు. మోటారు తీగ ఇంకా పీకే ఉంది కాబట్టి ఊరికి వినిపించలేదు. నువ్వు నేర్పినట్టే అన్నీ చూశాను. అతుకు గట్టిగా ఉంది. రెసిస్టరు సరైనదే, చారలు నీ కాగితంతో పోల్చుకున్నాను. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాను. ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను. ఫాదర్ సిమెయోన్ తీర్థం చల్లడానికి వస్తే ఆయన చెయ్యి పెట్టించాను. పలకలేదు. నేను పెడితే పలికింది.

తీగను బోర్డు దగ్గరే తెంపేస్తే నోరు మూస్తుందని తెలుసు. తెంపలేదు. ఇక్కడ నోరు మూయిస్తే మళ్ళీ పక్కనున్న ఆడవాళ్ళ తీగ దగ్గరికి పోతుందేమోనని. మోటారు తీగ మాత్రం తిరిగి తగిలించాను, గడియారం కొట్టకపోతే మీ అమ్మ ఎందుకని అడుగుతుంది.

ఇది ఏ లోపమో నీకు తెలిసి ఉంటుంది. ఇలాంటివి నువ్వు చాలా చూశావు. మీ అమ్మకు మాత్రం ఒక్క ముక్క చెప్పకు. జవాబు ఇంటికి కాకుండా పెంచో కొట్టుకు రాయి, నేనే వెళ్ళి తీసుకుంటాను. మంచు మళ్ళీ దిగుతోంది. త్వరగా రాయి తల్లీ.

ఇట్లు,
నీ మేనమామ
నెద్యాల్కో